విలియం మార్షల్‌కు అయిదుగురు కొడుకులున్నా వంశం ఒక్క తరంలో ఎలా ముగిసింది?

ప్రశ్న: బ్రాడీపేట చదువరి, గుంటూరు

సభ్యులందరికీ నమస్కారం. మా పేటలో నడుస్తున్న పఠన గోష్ఠిలో పెంబ్రోక్ ఎర్ల్ (ఎర్ల్ అంటే ఇంగ్లండులో ఒక ఉన్నత ప్రభు హోదా) విలియం మార్షల్ జీవితాన్ని గురించి ప్రసంగించే బాధ్యతను నాకు అప్పగించారు. 1147 ప్రాంతంలో పుట్టిన ఈయన తండ్రికి నాలుగో కొడుకు కావడం వల్ల వారసత్వంగా భూమి దక్కే ఆశ లేకుండా పెరిగాడు. అటువంటివాడు రెండో హెన్రీ, మొదటి రిచర్డ్, జాన్ అనే ముగ్గురు రాజుల కొలువులో ఎదిగి, 1216లో జాన్ మరణించినప్పుడు తొమ్మిదేళ్ల మూడో హెన్రీ తరఫున ఇంగ్లండు రాజ్యభారాన్నే మోశాడు. 1219 మే 14న కన్నుమూసేనాటికి ఆయనకు ఇంగ్లండులోనూ, వేల్సులోనూ, ఐర్లండులోనూ, నార్మండీలోనూ భూములున్నాయి. అయిదుగురు కొడుకులు, అయిదుగురు కూతుళ్లు ఉన్నారు.

ఇంతవరకు స్పష్టంగానే ఉంది. అయితే 1245 డిసెంబరు నాటికి ఆ అయిదుగురు కొడుకులూ ఒకరి వెనుక ఒకరు వారసత్వానికి వచ్చి, ఒక్కరికీ ధర్మసంతానం లేకుండానే మరణించారు. ఇరవై ఆరేళ్లలో అంత పెద్ద ఇల్లు మగ వారసుడు లేకుండా పోవడం నన్ను చాలా కలతపెట్టింది. ఒక ఐరిష్ బిషప్ శాపమే ఇందుకు కారణమని కొన్ని చోట్ల రాశారు. ఆ మాటను శ్రోతల ముందు ఎంతవరకు చెప్పవచ్చు? అసలు ఈయన ఎదుగుదలకు స్వామిభక్తి కారణమా, సంపన్నురాలైన కన్యను పెళ్లాడడం కారణమా? కొడుకుల తరువాత ఆ భూములు, మార్షల్ పదవి ఎవరికి చేరాయి?

మరొక సంగతి కూడా అడగాలి. జాన్ పట్టాభిషిక్తుడైన 1199లోనే ఓరుగల్లులో గణపతిదేవుడు రాజ్యానికి వచ్చాడు. ఆయన కుమార్తె గణపాంబ మన ధరణికోటను ఏలిన కోట వంశపు బేతరాజుకు ఇల్లాలు. మా గోష్ఠికి వచ్చేవారికి ఆ కాలాన్ని దగ్గర చేయడానికి ఈ ప్రస్తావన పనికివస్తుందా? పెద్దలు దయచేసి తెలియజేయగలరు.

జవాబు: విశ్రాంత చరిత్ర ఉపన్యాసకురాలు, విజయవాడ

చదువరి గారూ, నమస్కారం. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. స్వామిభక్తి ఆయనను రాజుల కంటికి ఆనించింది, వివాహం ఆయనను ప్రభువును చేసింది. ఆ కాలంలో ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. రాజు నుంచి నేరుగా భూమి పొందిన ప్రభువు మగ సంతానం లేకుండా మరణిస్తే అతని కూతురి సంరక్షణ హక్కు రాజుకే దక్కేది, ఆమెను ఎవరికిచ్చి పెళ్లి చేయాలో నిర్ణయించేదీ రాజే. కనుక సంపన్నురాలైన వారసురాలి చెయ్యి అందుకోవడమంటే రాజు నుంచి బహుమానం అందుకోవడమే.

ముందు బాల్యాన్ని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆయన తరువాతి జీవితమంతా దాని వెలుగులోనే అర్థమవుతుంది. తండ్రి పేరు కూడా జాన్. ఆయన రాజు కొలువులో మార్షల్, అంటే గుర్రపుశాలల మీదా కొలువు క్రమశిక్షణ మీదా అధికారం గల ఉద్యోగి. స్టీఫెన్ రాజుకూ మటిల్డాకూ సింహాసనం కోసం జరిగిన అంతర్యుద్ధంలో ఆయన మటిల్డా పక్షం వహించాడు. 1152లో స్టీఫెన్ న్యూబరీ కోటను ముట్టడించినప్పుడు జాన్ గడువు కోరి, అందుకు హామీగా అయిదారేళ్ల విలియంను అప్పగించాడు. తరువాత ఆ గడువులోనే కోటలోకి మనుషులనూ ఆహారాన్నీ చేరవేసి మాట తప్పాడు. పిల్లవాణ్ణి ఉరి తీస్తామని కబురు పంపితే, ఇంతకంటే మంచి కొడుకులను తయారుచేసుకోగల సుత్తీ దాగలీ తన దగ్గర ఉన్నాయని బదులిచ్చాడట. స్టీఫెన్‌కు మాత్రం చేతులు రాలేదు. ఆ తరువాత ఆ రాజూ పిల్లవాడూ గుడారంలో కూర్చుని గడ్డిపరకలతో యోధుల ఆట ఆడుకున్నారని విలియం జీవితాన్ని చెప్పే కావ్యం వర్ణిస్తుంది. స్టీఫెన్ మెత్తని మనసును ఎరిగి తండ్రి ఆ పందెం కాశాడని సమర్థించే పండితులున్నారు. పసివాడి ప్రాణాన్ని పందెంలో పెట్టిన తండ్రిని నేను మాత్రం మన్నించలేను.

అక్కడి నుంచి నార్మండీకి వెళ్లి, తల్లి తరఫు బంధువైన టాంకర్‌విల్ ప్రభువు ఇంట యుద్ధవిద్య నేర్చుకున్నాడు. 1168లో మేనమామ సాలిస్‌బరీ ఎర్ల్ పాట్రిక్‌ను పోయిటూలో లూసిన్యాన్ వారు చంపినప్పుడు విలియం ఒంటరిగా పోరాడి, తొడకు గాయమై పట్టుబడ్డాడు. విడుదల ధనం చెల్లించి ఆయనను విడిపించినది రెండో హెన్రీ భార్య ఎలియనోర్ రాణి. 1170లో ఆమె కొడుకు హెన్రీ యువరాజుకు తండ్రి బ్రతికుండగానే పట్టాభిషేకం జరిగింది, ఆ యువరాజుకు యుద్ధవిద్య నేర్పే పని విలియంకు దక్కింది.

ఆ తరువాతి పన్నెండు, పదమూడేళ్లు టోర్నమెంట్ల, అంటే గుర్రాలెక్కిన యోధులు జట్లుగా తలపడే పోటీల కాలం. మీ శ్రోతలు వాటిని వినోదంగా మాత్రమే ఊహించుకోకుండా చూడండి. ఓడినవాడు పట్టుబడితే గుర్రాన్నీ కవచాన్నీ వదులుకోవాలి, పైగా విడుదల ధనం చెల్లించాలి. భూమి లేని యోధుడికి అదే జీవనోపాధి. విలియం మరొక యోధుడితో పొత్తు కలుపుకుని ఏడాది తిరగకముందే 103 మందిని పట్టుకున్నాడనీ, ఈ లెక్కను యువరాజు వంటశాల గుమాస్తా రాసి ఉంచాడనీ కావ్యం చెబుతుంది.

1183లో యువరాజు మరణించినప్పుడు ఆయన మొక్కు తీర్చడానికి విలియం పవిత్రభూమికి వెళ్లి వచ్చి, ముసలి రెండో హెన్రీ కొలువులో చేరాడు. 1189 జూన్‌లో ఆ రాజు సొంత కొడుకు రిచర్డ్ తరుముతుండగా లె మాన్ నుంచి పారిపోతున్నప్పుడు, విలియం వెనుదిరిగి రిచర్డ్‌కు ఎదురు నిలిచి, మనిషిని వదిలి గుర్రాన్ని ఈటెతో పొడిచి చంపాడు. నెల తిరిగేసరికి రిచర్డే రాజయ్యాడు. తనను చంపబోయావని రిచర్డ్ నిందించగా, చంపదలచి ఉంటే ఈటెను ఎటు తిప్పాలో తన చేతికి తెలుసునని విలియం ధైర్యంగా చెప్పాడు. ఆ రిచర్డే ఆయనకు ఇసబెల్ డి క్లేర్‌ను ఇచ్చి పెళ్లి చేశాడు. అప్పటికి వరుడికి నలభై దాటాయి, వధువుకు ఇరవై నిండలేదు.

ఇసబెల్‌ను గురించి మీరు తప్పక మాట్లాడాలి. ఆమె స్ట్రాంగ్‌బోగా పేరొందిన రిచర్డ్ డి క్లేర్ కూతురు, ఐర్లండులోని లెన్‌స్టర్ రాజు డర్మట్ మాక్‌మురోకు దౌహిత్రి. చెప్‌స్టో కోట, లెన్‌స్టర్ దేశం ఆమె ద్వారానే మార్షల్‌కు వచ్చాయి. ఆమె తండ్రి వంశపు పెంబ్రోక్ ఎర్ల్ హోదాను 1199లో జాన్ రాజు ఇచ్చాడు. 1207లో జాన్ పిలుపు మీద మార్షల్ ఇంగ్లండుకు వెళ్లవలసి వచ్చినప్పుడు ఆయన కిల్‌కెన్నీలో తన సామంతులను సమావేశపరచి, గర్భవతిగా ఉన్న ఇసబెల్‌ను చూపి, ఈమె మీ ప్రభువు కూతురు, నాకు ఇక్కడ ఉన్నదంతా ఈమె వల్లనే వచ్చింది అని చెప్పి ఆమెను వారి రక్షణలో ఉంచాడు. ఆ శీతకాలంలో వచ్చిన దాడులను ఆమె, మార్షల్ మనుషులు తట్టుకుని నిలబడ్డారు.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. ఈ కథలలో అధిక భాగం 1220లలో పెద్ద కొడుకు రాయించిన ఆ ఫ్రెంచి కావ్యం నుంచి వచ్చినవే. 19,000 పంక్తులకు పైబడిన ఆ రచన కుటుంబ గౌరవం కోసం పుట్టింది. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి హక్కుల పత్రం మాగ్నా కార్టాలో రాజు సలహాదారులైన ప్రభువులలో మొదటి పేరు మార్షల్‌దే అయినా, తిరుగుబాటుదారుల పక్షాన పెద్ద కొడుకే ఉన్నందువల్ల కాబోలు, ఆ ఘట్టాన్ని కావ్యం దాటవేసింది. అయినా రాజప్రతినిధిగా ఆయన చేసిన పనికి కావ్యం సాక్ష్యం అక్కరలేదు. ఖజానా ఖాళీగా, రాజ్యంలో సగం ఫ్రెంచి యువరాజు లూయీ చేతిలో ఉండగా బాధ్యత స్వీకరించి, 1216 నవంబరులో మాగ్నా కార్టాను తన ముద్రతో తిరిగి ప్రకటించి, 1217 మే 20న డెబ్బై ఏళ్ల వయసులో లింకన్ యుద్ధాన్ని స్వయంగా నడిపి గెలిచాడు. అది పత్రాలలో నిలిచి ఉన్న చరిత్ర.

జవాబు: న్యాయవాది, అరండల్‌పేట, గుంటూరు

మేడమ్ గారు పునాది వేశారు గనుక నేను ఆస్తి సంగతికే పరిమితమవుతాను. ఆనాటి ఇంగ్లండు చట్టంలో కొడుకులకు ఒక సూత్రం, కూతుళ్లకు మరొక సూత్రం ఉండేవి. కొడుకులుంటే జ్యేష్ఠుడికే యావత్తు భూమి చెందుతుంది. కొడుకులు లేక కూతుళ్లే ఉంటే అందరికీ సమాన భాగాలు వస్తాయి, మరణించిన కూతురి భాగం ఆమె సంతానానికి చేరుతుంది. పెద్ద ఎస్టేటును చెదరకుండా కాపాడే చట్టమే మగ సంతు లేనప్పుడు దానిని ముక్కలు చేసేది.

మార్షల్ మరణశయ్య మీద చేసిన ఏర్పాట్లు చూస్తే ఆయన మనసు తెలుస్తుంది. పెద్దవాడు విలియంకు ప్రధాన భూములు, రెండోవాడు రిచర్డ్‌కు నార్మండీలోని లాంగ్‌విల్ చెందాయి. మూడోవాడు గిల్బర్ట్ చర్చి సేవకు ఉద్దేశించబడ్డాడు, నాలుగోవాడు వాల్టర్‌కూ కొంత ఏర్పాటు చేశాడు. చివరివాడు అన్సెల్మ్‌కు మొదట ఏమీ ఇవ్వలేదు. తాను ఎదిగినట్లే వాడూ తన బాహుబలంతో ఎదగాలని ఆయన కోరిక. పక్కన ఉన్న నమ్మిన బంటు జాన్ ఆఫ్ ఎర్లీ బతిమాలితే అప్పుడు 140 పౌన్ల రాబడి గల భూమి రాశాడు. పెళ్లి కాని చిన్న కూతురు జోన్‌కు 30 పౌన్ల రాబడి గల భూమి, 200 మార్కుల నగదు ఏర్పరచి, ఆమె విషయంలోనే తనకు దిగులు మిగిలిందని చెప్పుకున్నాడు. ఆ రోజులలోనే ఆయనకు పాడాలని కోరిక కలిగి, కూతుళ్లను పిలిచి పాడమన్నాడు. జోన్ బిడియంతో సరిగా పాడలేకపోతే, ఎలా పాడాలో చూపించాడు. చదివిన ప్రతిసారీ నా మనసు కదిలే ఘట్టమది.

కొడుకులందరూ పోయాక విభజన 1247లో జరిగింది. అప్పటికి పెద్ద కూతురు మౌడ్ ఒక్కతే జీవించి ఉంది, మిగతావారి భాగాలు వారి పిల్లలకు వెళ్లాయి. లెన్‌స్టర్ అయిదు ముక్కలైంది. కార్లో భాగం మౌడ్‌కు, కిల్‌కెన్నీ భాగం ఇసబెల్ సంతానానికి, కిల్డేర్ భాగం సిబిల్ సంతానానికి, డునమేస్ భాగం ఈవా సంతానానికి, వెక్స్‌ఫర్డ్ భాగం జోన్ సంతానానికి వచ్చాయి. వేల్సులో చెప్‌స్టో మౌడ్‌కు దక్కగా, పెంబ్రోక్ జోన్ కూతురి ద్వారా ఆమె భర్త, రాజుకు సవతి సోదరుడు అయిన విలియం డి వాలెన్స్ చేతికి వెళ్లింది. సిబిల్‌కు ఏడుగురు కూతుళ్లు ఉండడంతో అయిదో వంతు మళ్లీ ఏడు భాగాలై, ఒక్కొక్కరికి మొత్తంలో ముప్పై అయిదో వంతు మిగిలింది. భార్య ద్వారా వచ్చిన భూమి మనవరాళ్ల ద్వారా వేర్వేరు ఇళ్లకు వెళ్లిపోయిందన్నమాట.

వితంతువుల హక్కు కూడా చిన్న సమస్య కాదు. పెద్ద కొడుకు విలియం భార్య ఎలియనోర్ సాక్షాత్తు మూడో హెన్రీ చెల్లెలు. భర్త 1231లో మరణించాక ఆమెకు రావలసిన భాగానికి బదులు ఏడాదికి 400 పౌన్లు ఇచ్చేటట్లు ఏర్పాటు చేశారు. తనకు న్యాయంగా రావలసినది అంతకంటే ఎక్కువని ఆమె, ఆమెను రెండో పెళ్లి చేసుకున్న సైమన్ డి మాంట్‌ఫర్ట్ దశాబ్దాల పాటు పోరాడారు. రాజుకూ మాంట్‌ఫర్ట్‌కూ మధ్య పెరిగిన వైరంలో ఈ తగాదాకూ చోటుంది.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. మన రాష్ట్రంలో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు 1986 నాటి సవరణ చట్టంతో వచ్చింది. గోష్ఠికి వచ్చే మహిళలకు ఈ విభజన కథ మీద తప్పకుండా ఆసక్తి కలుగుతుంది, కనుక దానికి తగిన సమయం కేటాయించండి.

జవాబు: సత్యనారాయణపురం పాఠకుడు, విజయవాడ

శాపం విషయం నేను రాస్తాను. ఐర్లండులోని ఫెర్న్స్ బిషప్‌కు చెందవలసిన రెండు గ్రామాలను యుద్ధకాలంలో మార్షల్ ఆక్రమించాడన్నది ఫిర్యాదు. బిషప్ ఆయనను చర్చి నుంచి వెలివేశాడు. మార్షల్ మరణం తరువాత బాలరాజు మూడో హెన్రీ సమక్షంలో, ఆ భూములు తిరిగి ఇస్తే వెలి తొలగిస్తానని బిషప్ అన్నాడనీ, కొడుకులు నిరాకరించగా ఒక్క తరంలో మీ పేరు నశిస్తుందని శపించాడనీ కథ. దీనిని ప్రచారంలోకి తెచ్చినవాడు సెయింట్ ఆల్బన్స్ మఠంలోని చరిత్రకారుడు మాథ్యూ పారిస్. ఆయన ఈ కథను పూర్తిగా చెప్పేనాటికి అయిదుగురు కొడుకులూ మరణించి ఉన్నారు. ఫలితం తెలిసిన తరువాత రాసిన జోస్యాన్ని కారణంగా చూపడం తగదు. భూమి తగాదా జరిగిందని చెప్పండి, ఆనాటివారు ఆ వినాశాన్ని దైవశిక్షగా అర్థం చేసుకున్నారని చెప్పండి. అంతకు మించి వెళ్లవద్దని నా అభిప్రాయం.

మరణాలను విడివిడిగా చూస్తే మామూలు కారణాలే కనబడతాయి. పెద్దవాడు విలియం రెండో పెళ్లి 1224లో చేసుకున్నప్పుడు ఎలియనోర్‌కు తొమ్మిదేళ్ల ప్రాయం, ఆయన పోయేనాటికి ఆమెకు పదహారు. రిచర్డ్ రాజుతో తలపడి, 1234 ఏప్రిల్‌లో ఐర్లండులోని కుర్రా మైదానంలో తగిలిన గాయాలతో కిల్‌కెన్నీలో మరణించాడు. ఆ మైదానానికి ఆయనను రప్పించడంలో కుట్ర ఉందని సమకాలికులే రాశారు. నా దృష్టిలో ఆ అయిదుగురిలో తండ్రి గుణాలు ఎక్కువగా అబ్బినవాడు ఆయనే, నష్టమూ అక్కడే పెద్దది. చర్చి జీవితం వదిలి వారసత్వానికి వచ్చిన గిల్బర్ట్ 1235లో స్కాట్లండు రాజు సోదరిని పెళ్లాడి, 1241లో టోర్నమెంటులో కళ్లెం తెగి గుర్రం ఈడ్చుకుపోగా మరణించాడు. తండ్రికి అన్నం పెట్టిన క్రీడే కొడుకు ప్రాణం తీసింది. వాల్టర్ 1245 నవంబరులో, అన్సెల్మ్ ఆ మరుసటి నెలలోనే వెళ్లిపోయారు. ఆలస్యంగా జరిగిన పెళ్లిళ్లు, చిన్న వయసు భార్యలు, యుద్ధం, ప్రమాదం అన్నీ ఒకే ఇంటి మీద పడ్డాయి.

మళ్లీ బ్రాడీపేట చదువరి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. శాపాన్ని ఆనాటి నమ్మకంగా మాత్రమే చెప్పి, ఇసబెల్‌కూ కూతుళ్లకూ ప్రసంగంలో సగం చోటు ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. గణపాంబ ప్రస్తావన సంగతి మేడమ్ గారు చెప్పలేదు. మార్షల్ పదవి ఎవరికి చేరిందో, ఇప్పటికీ ఉన్నదో లేదో న్యాయవాది గారు చెప్పగలరా?

జవాబు: విశ్రాంత చరిత్ర ఉపన్యాసకురాలు, విజయవాడ

ప్రస్తావించండి, అయితే భేదాన్ని కూడా చూపించండి. ఇసబెల్ భూములను భర్త ఆమె తరఫున ఏలాడు. గణపాంబ అయితే బేతరాజు మరణించాక తానే ఆ సీమను పాలించిందని ఎనమదల శాసనం చెబుతున్నది. ఆమె భర్త పేర ఆలయం కూడా కట్టించింది. భర్త పోయాక ఇసబెల్ కూడా తన భూములను తన పేరుననే నడుపుకున్నది, కాని మరుసటి ఏడాదే, 1220లో మరణించింది. మార్షల్‌ను లండన్‌లోని టెంపుల్ చర్చిలో, ఆమెను టింటర్న్ మఠంలో సమాధి చేశారు. ఎనమదల మీకు దూరం కాదు గనుక వీలైతే ప్రసంగానికి ముందు అక్కడికి వెళ్లి రండి.

జవాబు: న్యాయవాది, అరండల్‌పేట, గుంటూరు

భూమిని పంచవచ్చు గాని పదవిని పంచలేరు. అందుచేత 1246లో మార్షల్ దండాన్ని రాజు పెద్ద కూతురు మౌడ్‌కు అప్పగించగా, ఆ పదవి ఆమె కొడుకు, నార్‌ఫోక్ ఎర్ల్ రోజర్ బిగాడ్‌కు చేరింది. ఆయన వారసుడైన మరొక రోజర్ 1306లో సంతానం లేకుండా పోవడంతో పదవి మళ్లీ రాజు పరమైంది. రెండో ఎడ్వర్డ్ దానిని తన సోదరుడు థామస్‌కు ఇచ్చాడు. అక్కడి నుంచి ఆడపిల్లల వరుసలోనే మౌబ్రే, హోవర్డ్ వంశాలకు వెళ్లి, 1672లో నార్‌ఫోక్ డ్యూకులకు వంశపారంపర్యంగా స్థిరపడింది. 2022లో ఎలిజబెత్ రాణి అంత్యక్రియలనూ, 2023లో మూడో చార్లెస్ పట్టాభిషేకాన్నీ నిర్వహించినది ఈ పదవిలో ఉన్న ప్రస్తుత డ్యూకే. స్కాట్లండు సంగతి కూడా రాసుకోండి. మార్షల్ రెండో కూతురు ఇసబెల్‌కు మొదటి భర్త గిల్బర్ట్ డి క్లేర్ వల్ల కలిగిన కుమార్తె బ్రూస్ ఇంటి కోడలైంది. ఆమె మనవడే 1314లో బానక్‌బర్న్ యుద్ధం గెలిచిన రాబర్ట్ బ్రూస్ రాజు.